చేపను ఒడ్డుకు లాగే సాలీడు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ్టి విషయం గూడు అల్లుకుని ఈగ కోసం ఎదురుచూసే సాలీడు కాదు. చెరువు అంచునో వాగు ఒడ్డునో రాతిని పట్టుకుని, ముందుకాళ్ళు నీటి మీద ఆనించి కూర్చునే పెద్ద సాలీళ్ళ గురించి మాట్లాడుకుందాం. ఇవి పురుగులతో పాటు చిన్న చేపల్నీ, తోకకప్పల్నీ, ఒక్కోసారి కప్పల్నీ పట్టి తింటాయి. సాలీడు చేపను చంపగలదా అని చాలామంది ఆశ్చర్యపోతారు. చంపడం దానికి పెద్ద పని కాదు. విషం ఉంది, కోరలు ఉన్నాయి. కొరికిన చేపను నీళ్ళలోంచి బయటికి తేవడమే కష్టం. దాని శరీరం, కూర్చునే చోటు, వేటాడే తీరు, అన్నీ ఈ ఒక్క కష్టం చుట్టూనే తిరుగుతాయి. నేను చెప్పేదంతా మీరు ఈ కోణంలోంచి వినండి.

ముందు ఎవరెవరో చూద్దాం. చేపలు పట్టే సాలీళ్ళలో ముఖ్యమైన కుటుంబం పిసారిడే. అందులో డోలోమిడీస్ అనే ప్రజాతి ఉత్తర అమెరికా, ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా ఉంది. అమెరికాలో చెరువుల మీద మామూలుగా కనిపించేది డోలోమిడీస్ ట్రైటన్. ఆడదాని ఒళ్ళు రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, కాళ్ళు చాపితే దానికి మూడు నాలుగింతలు. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఉండే డోలోమిడీస్ ఒకెఫినోకెన్సిస్ ఇంకా పెద్దది. ఆఫ్రికాలోనూ మన ఆసియాలోనూ ఇదే కుటుంబానికి చెందిన నైలస్ ప్రజాతి ఉంది. పాత పుస్తకాల్లో దాన్ని థలాసియస్ అని రాశారు, వెతికేటప్పుడు రెండు పేర్లూ చూసుకోవాలి. దక్షిణ అమెరికాలో కుటుంబమే వేరు. అక్కడ యాన్సిలోమిటీస్ అనే భారీ సాలీళ్ళు అమెజాన్ వాగుల పక్కన చేపల్నీ కప్పల్నీ పడతాయి. ఇవి టెనిడే కుటుంబానివి, అంటే డోలోమిడీస్‌కు సొంత అక్కచెల్లెళ్ళు కావు. నీటి అంచు వేట సాలీళ్ళలో ఒక్క కుటుంబానికే పరిమితమైన విద్య కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక నీటి మీద నిలబడడం. సాలీడు తేలికైనది కాబట్టి మునగదు అంటే సరిపోదు. ఒక చిన్న లెక్క వేద్దాం. నీటి తలతన్యత, అంటే నీటి పైపొరను సాగదీసిన పొరలా బిగించి ఉంచే బలం, మీటరుకు సుమారు 0.072 న్యూటన్లు. నీటికి ఆనిన కాలి భాగానికి రెండు పక్కలా ఆ బలం పనిచేస్తుంది. కాబట్టి మీటరు పొడవు కాలికి అది మోయగల గరిష్ఠ బరువు 0.144 న్యూటన్లు. సాలీడు బరువు ఒక గ్రాము అనుకుంటే అది 0.0098 న్యూటన్లు. భాగిస్తే 6.8 సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఎనిమిది కాళ్ళలో ఒక్కోటీ కనీసం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు నీటి మీద పరుచుకోవాలి. కాలు నొక్కినచోట ఏర్పడే గుంట నుంచి కొంత తేలుడు బలం కూడా కలుస్తుంది కాబట్టి లెక్క కాస్త సడలుతుంది, కానీ లెక్క సారం మారదు. కాలి కొనల మీద నిలబడితే మునిగిపోతుంది. అందుకే నీటి మీద ఉన్న సాలీడు కాళ్ళు బారచాపి పడుకున్నట్టు కనిపిస్తుంది.

కాళ్ళ మీద దట్టమైన నూగు ఉంటుంది. ఆ నూగు తడవదు. తడవనంత కాలమే ఈ లెక్కంతా. సబ్బు కలిసిన నీళ్ళలో తలతన్యత సగానికి, అంతకంటే తక్కువకు పడిపోతుంది, పైగా నూగు తడుస్తుంది. బట్టలు ఉతికే రేవు పక్కన నురగ నిలిచే చోట దీనికి నీటి మీద నిలబడడమే కష్టం. ఇది గుర్తుపెట్టుకోండి, ప్రశ్నల్లో మళ్ళీ పనికొస్తుంది.

నీటి మీద నడకలో రెండు రకాలున్నాయి. మెల్లగా పోయేటప్పుడు రెండో జతా మూడో జతా కాళ్ళతో తెడ్డు వేస్తుంది. నీటిని వెనక్కి తోసేది ఉత్త కాలు కాదు, కాలు నొక్కగా ఏర్పడిన ఆ గుంట. గుంట నీటిలో వెనక్కి కదులుతుంటే దానికి ఎదురయ్యే నిరోధం సాలీడును ముందుకు నెడుతుంది. రాబర్ట్ సూటర్ బృందం 1990ల్లో డోలోమిడీస్ ట్రైటన్ మీద దీన్ని కొలిచింది. తెడ్డు నడకలో వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు దాటదు. 30 సెంటీమీటర్లకు మించి పోవాలంటే పద్ధతి మార్చి ఆరు కాళ్ళతో దౌడు తీస్తుంది. గాలి ఉన్నప్పుడు ఒళ్ళూ కాళ్ళూ పైకెత్తి తెరచాపలా గాలికి కొట్టుకుపోవడం మూడో పద్ధతి, ఖర్చు లేని ప్రయాణం.

వేటలో కళ్ళ పాత్ర మనం అనుకునేంత లేదు. కళ్ళు ఎనిమిది ఉన్నాయి, రాత్రి వెలుగుకు మెరుస్తాయి కూడా. కానీ ఆహారం జాడ ప్రధానంగా కాళ్ళతోనే తెలుస్తుంది. కాళ్ళ కీళ్ళ దగ్గర పొరలో సన్నని చీలికలుంటాయి, అవి కదలికను పసిగడతాయి. గాలి కదలికను పట్టే సున్నితమైన పొడవాటి రోమాలు వీటికి తోడు. నీటి పైపొర మీద వచ్చే ప్రతి అలా కాలిని తాకుతుంది. అన్ని అలలకూ స్పందిస్తే సాలీడు రోజంతా ఉత్తినే గెంతుతూ ఉండాలి. గాలికి లేచే అలలు ఎక్కువగా సెకనుకు పది కంపనాల లోపు ఉంటాయి. నీళ్ళలో పడి కొట్టుకుంటున్న పురుగు అంతకంటే ఎక్కువ కంపనాలతో, క్రమం లేకుండా, ఆగకుండా అలలు పుట్టిస్తుంది. రాలిన ఆకు ఒక్కసారి కదిలించి ఊరుకుంటుంది. ఈ తేడాలతోనే సాలీడు గాలినీ, ఆకునూ, ఆహారాన్నీ వేరు చేస్తుంది. అల ఎటునుంచి వచ్చిందో అటు తిరుగుతుంది.

చేప విషయంలో ఇక్కడే ఒక చిక్కు ఉంది. అడుగున ఈదే చేప పైపొర మీద అల పుట్టించదు, కాబట్టి సాలీడు దృష్టిలో అది లేనట్టే. పైకి వచ్చి నీటి మీది పురుగును అందుకున్నప్పుడో, గాలి కోసం నోరు తెరిచినప్పుడో, వీపు రెక్క నీటిపొరను తాకినప్పుడో మాత్రమే అది ఉన్నట్టు తెలుస్తుంది. చేప దాదాపు ముందుకాళ్ళ కిందికి వచ్చేదాకా సాలీడు కదలదు. దూరంగా ఈదే చేప వెంట పడి తరమడం దీని పని కాదు. దౌడు తీసినా సెకనుకు పదుల సెంటీమీటర్లే, బెదిరిన చేప దానికి ఎక్కడ అందుతుంది?

ఇప్పుడు పట్టే క్షణం. ముందుకాళ్ళు ముందుకు విసిరి చేపను కౌగిలించినట్టు పట్టుకుంటుంది, వెంటనే కోరలు దించుతుంది. కొరుకు ఎక్కువగా తల వెనక, మెడ మొదట్లో పడుతుంది. విషంలో నరాల మీద పనిచేసే పదార్థాలున్నాయి. డోలోమిడీస్ విషాల్లో సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్ల దారులను అడ్డుకునే చిన్న ప్రోటీన్లను గుర్తించారు. ఆ దారులు మూసుకుంటే నరం సందేశం పంపలేదు, కండరం పనిచేయదు. చేప కాసేపు గిజగిజలాడి ఆగిపోతుంది.

ఆ కాసేపే గండం. చేప ఇంకా బతికే ఉంది, సాలీడు కంటే పొడవుగా ఉంది, నీళ్ళలో దానిదే బలం. సాలీడు పూర్తిగా నీటి మీద తేలుతూ కొరికితే, చేప దాన్ని ఎటు కావాలంటే అటు లాక్కుపోతుంది, లోపలికి కూడా. అందుకే వెనక కాళ్ళు రాతికో, తుంగ కాడకో, తామరాకు అంచుకో పట్టు వేసి ఉండాలి. గెంతే ముందు ఒక దారం కూడా అంటిస్తుంది. దక్షిణాఫ్రికా నటాల్‌లో నెండిక్ అబ్రహాం 1923లో ప్రచురించిన పరిశీలనల్లో కూర్చునే భంగిమ సరిగ్గా ఇదే: వెనక కాళ్ళు రాతి మీద, ముందుకాళ్ళు నీటి మీద. వందేళ్ళ తర్వాత ఆస్ట్రేలియాలో తీసే ఫోటోలో కూడా ఇదే భంగిమ కనిపిస్తుంది. ఇందులో అలవాటు కంటే అవసరం ఎక్కువ.

చేప కదలిక ఆగింది. అప్పుడైనా నీళ్ళలోనే తినొచ్చు కదా? తినలేదు. సాలీడు నమలదు. జీర్ణరసాన్ని ఆహారం మీదికి వదిలి, మాంసాన్ని బయటే కరిగించి, ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. నీళ్ళలో ఆ రసం వదిలితే పలచబడి కొట్టుకుపోతుంది, కరిగిన మాంసమూ పోతుంది. కాబట్టి తినాలంటే పొడినేల కావాలి. నీళ్ళలో ఉన్నంతసేపు చేప బరువు దాదాపు తెలియదు, తేలుడు బలం మోస్తుంది. నీటిపొర దాటి పైకి లాగే క్షణంలో బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది. నాలుగు సెంటీమీటర్ల సన్నటి చేప బరువు ఒక గ్రాము లోపే. కానీ లాగుతున్న సాలీడు బరువూ అంతే. దానికి తోడు చేప ఒంటిని అంటుకున్న నీటిపొర కిందికి గుంజుతుంది, పొలుసుల మీది జిగురు పట్టు జార్చుతుంది.

పని వరసగా ఇలా సాగుతుంది. కోరలు వదలకుండా వెనక్కి నడుస్తుంది. తల ముందు బయటికి వస్తుంది, కొరుకు అక్కడే ఉంది కనుక. పట్టున్న గరుకు తలం మీద, అంటే నాచు పట్టని రాయి, బెరడు, మొక్క కాడ లాంటి వాటి మీద, నీటి మట్టానికి కాస్త పైన చేపను నిలుపుతుంది. తర్వాత తినడం, గంటల తరబడి. తిన్న తర్వాత మిగిలేది ముళ్ళూ, పొలుసులూ, చర్మం. ఇందులో ఎక్కడ చెడుతుంది? ఒడ్డు నిలువుగా నున్నగా ఉంటే లాగలేదు. తాను ఎత్తగలిగినదానికి మించి చేప బరువుంటే వదిలేయాలి. కొరుకు తోక వైపు పడితే చేప తప్పించుకోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. సిమెంటు గోడ కట్టిన ఈత కొలను లాంటి చోట కంటే గట్టు మెల్లగా నీళ్ళలోకి దిగి, తుంగ, జమ్ము మొలిచిన చోట ఈ వేట ఎందుకు సాధ్యమో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

లోతులేని నీరు, పైకి వచ్చే చిన్న చేప, పట్టున్న ఒడ్డు. ఈ మూడూ కలిసిన చోట్ల జాబితా వేస్తే ఏం వస్తుంది? మార్టిన్ నైఫెలర్, బ్రాడ్లీ ప్యూసీ 2014లో అదే పని చేశారు. అప్పటిదాకా రాసిపెట్టిన, ఫోటో తీసిన 80కి పైగా సంఘటనల్ని పోగుచేసి చూశారు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. ఎక్కువ భాగం 40 డిగ్రీల ఉత్తర, 40 డిగ్రీల దక్షిణ అక్షాంశాల మధ్య వెచ్చని ప్రాంతాల్లో. నాలుగింట మూడు వంతులకు పైగా డోలోమిడీస్, నైలస్ ప్రజాతులవే. చేపల పొడవు ఎక్కువగా 2 నుంచి 6 సెంటీమీటర్లు, సగటున సాలీడు ఒంటి పొడవుకు 2.2 రెట్లు. పట్టుబడ్డవి అరుదైన చేపలేమీ కావు, ఆ నీళ్ళలో ఎక్కువగా ఉండేవే: ఆగ్నేయ అమెరికాలో గంబూసియా (దోమపిల్లల్ని తినే చిన్న చేప), పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో కిల్లీ చేపలు, ఆస్ట్రేలియాలో గలాక్సియాస్, రెయిన్‌బో చేపలు.

వెచ్చని ప్రాంతాలే ఎందుకు అన్నదానికి ఒక వివరణ ఉంది. వెచ్చని, లోతులేని నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ తక్కువ. చేప పైకి రావాల్సి వస్తుంది. మన చేపల రైతులకు ఇది తెల్లవారుజామున రోజూ కనిపించే సంగతే: చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పైపొర మీద ఆధారపడ్డ వేటగాడికి అంతకంటే మంచి వేళ ఏముంటుంది? చల్లని ఐరోపాలో డోలోమిడీస్ ఉన్నా చేప పట్టిన దాఖలాలు తక్కువగా ఉండడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. రెండో కారణం చూసేవాళ్ళు. ఇంటి పెరట్లో చేపల తొట్టి, చేతిలో కెమెరా ఉన్న ఆస్ట్రేలియా, అమెరికా వాళ్ళ నుంచి ఎక్కువ దాఖలాలు వస్తాయి. ఆ సంఖ్యను చూసి వేట అక్కడే ఎక్కువ జరుగుతుందనుకోకూడదు.

అలాగని చేపే దీని రోజువారీ భోజనం అనుకోకండి. కెనడాలోని అల్బర్టా చెరువుల్లో డోలోమిడీస్ ట్రైటన్ ఏం తింటోందో జిమ్మర్‌మన్, స్పెన్స్ 1989లో ప్రచురించారు. నీటి మీద పరుగెత్తే పురుగులు, నీళ్ళలో పడ్డ నేల పురుగులు, తమ జాతివే చిన్న సాలీళ్ళు. చేప అప్పుడప్పుడు దొరికే పెద్ద విందు. కానీ గుడ్లు పెట్టబోయే ఆడదానికి ఒక్క చేప ఎన్నో పురుగులకు సమానం. చేపలు పట్టే వాటిలో ఆడవే ఎక్కువ, ఒళ్ళు పెద్దది వాటిదే. మగది చాలా జాతుల్లో చిన్నది. డోలోమిడీస్ టెనెబ్రోసస్‌లో అయితే ఆడదాని బరువు మగదాని కంటే పద్నాలుగు రెట్లు, పైగా జతకట్టడం ముగియగానే మగది దానంతటదే చచ్చిపోతుంది, ఆడది దాన్ని తింటుంది. ఆ మగది చేప జోలికి ఎక్కడ పోతుంది! (నవ్వులు)

గుడ్ల సంచిని ఆడది కోరలతో పట్టుకుని, ఒంటి కిందకు అదుముకుని మోస్తుంది. తోడేలు సాలీళ్ళనే మరో కుటుంబంవి సంచిని వెనక దారం గొట్టాలకు తగిలించుకుంటాయి. దూరం నుంచి ఈ రెండు కుటుంబాల్నీ వేరు చేయడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. పిల్లలు బయటికి వచ్చే ముందు మొక్కల మీద దారంతో చిన్న డేరా అల్లి, సంచిని అందులో ఉంచి, బయట కాపలా కూర్చుంటుంది.

బెదిరితే నీళ్ళలోకి దిగిపోతుంది. ఒంటి నూగు మధ్య గాలిపొర చిక్కుకుని వెండిలా మెరుస్తుంది, దాంతో అరగంట దాకా అడుగున ఉండగలదు. గాలిపొర వల్ల తేలికైపోతుంది కాబట్టి కాడను గట్టిగా పట్టుకోవాలి, వదిలితే బెండులా పైకి వస్తుంది, అదీ పొడిగా. ఇదంతా చేసినా ఒక శత్రువు వదలదు. అమెరికాలో అనోప్లియస్ డిప్రెసిపెస్ అనే కందిరీగ నీటి లోపలికి కూడా దిగి డోలోమిడీస్ ట్రైటన్‌ను కుట్టి తెచ్చుకుంటుంది.

కప్పల గురించి క్లుప్తంగా చెబుతాను. దక్షిణ అమెరికాలో యాన్సిలోమిటీస్, ఆఫ్రికాలో నైలస్ కప్పల్ని తినడం బాగా నమోదైంది. కప్ప నేల మీదికీ వస్తుంది కాబట్టి పైకి లాగే కష్టం తగ్గుతుంది. 2016లో బ్రిస్బేన్‌లో భౌతికశాస్త్రవేత్త బ్రయాన్ గ్రీన్ గౌరవార్థం ఆయన పేరే పెట్టిన డోలోమిడీస్ బ్రయాన్‌గ్రీనై చేపలతో పాటు కప్పల్నీ తోకకప్పల్నీ తింటుంది. నీటితో సంబంధం లేని సాలీళ్ళు కూడా వెన్నెముక జీవుల్ని తింటాయి, ఆ లెక్క వేరే. పాముల్ని తిన్న సాలీళ్ళ సంఘటనలే 319 పోగుచేసి 2021లో ప్రచురించారు. వాటిలో పెద్ద వాటా గూడు అల్లే విధవ సాలీళ్ళ కుటుంబానిది. అక్కడ పని చేసేది దారం బలం. మన సాలీడుకు ఆ సౌకర్యం లేదు, కాళ్ళూ కోరలే ఆధారం.

ఇక మన దగ్గరికి వద్దాం. భారతదేశమంతా ఇందాక చెప్పిన 40 డిగ్రీల అక్షాంశం లోపే ఉంది. నైలస్ ఆల్బోసింక్టస్, నైలస్ ఫిప్సోని ఈ దేశంలో నమోదైన జాతులు. చూడాలంటే గుర్రపుడెక్క పూర్తిగా కమ్మేసిన చెరువు పనికిరాదు, అక్కడ తెరిచిన నీటిపొర ఉండదు. మెల్లగా పారే కాలవ అంచు, అలుగు కింది మడుగు, తామర చెరువు గట్టు బాగుంటాయి. రాత్రి తలకు కట్టుకునే లైటుతో వెళ్ళండి. లైటు మీ కళ్ళకు దగ్గరగా ఉంటేనే సాలీడు కళ్ళ మెరుపు మీకు తిరిగి కనిపిస్తుంది, చేతిలో కిందకు పట్టుకున్న టార్చితో కనబడదు. మెరుపు కనిపించగానే దగ్గరికి పరుగెత్తకండి. మీ అడుగు అదురు గట్టు గుండా నీళ్ళకు చేరుతుంది, అది మునిగిపోతుంది. రెండు మూడు మీటర్ల దూరంలో ఆగి, కూర్చుని చూడాలి. తుంగను కదిలించకూడదు.

పొలంలో కనిపించే ప్రతి నీటి సాలీడూ ఇదే అనుకుని పొరబడతారు. వరి మడి నీటి మీద పరుగెత్తేది ఎక్కువగా పార్డోసా సూడోయాన్యులేటా అనే తోడేలు సాలీడు, సుడిదోమను తినే మిత్రజీవి. కళ్ళ వరస చూస్తే తెలుస్తుంది. తోడేలు సాలీడుకు ముందు కింద నాలుగు చిన్న కళ్ళు, పైన రెండు బాగా పెద్దవి, వాటి వెనక మరో రెండు. పిసారిడేలో ఇంత తేడా ఉండదు. ఒంటి పక్కల తెల్లని చారను మాత్రం నమ్ముకోవద్దు, రంగులు ఒకే జాతిలో కూడా మారతాయి. జాతి తేల్చాలంటే పెద్దయిన సాలీడు జననాంగాల్ని సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే, ఫోటో చూసి జాతి పేరు రాయడం తొందరపాటు.

చేపతో ఉన్న సాలీడు నిజంగా కనిపిస్తే ఏం నమోదు చేయాలి? సమయం, నీటి లోతు, నీటి మట్టం నుంచి అది తింటున్న చోటు ఎంత ఎత్తు, చేప కదులుతోందా లేదా. కదలడం ముఖ్యం, ఎందుకంటే చచ్చి తేలిన చేపను సాలీడు తీసుకుందేమో అన్న అనుమానం ఎప్పుడూ వస్తుంది. పది సెకన్ల వీడియో వంద ఫోటోల కంటే విలువైనది. కొలత కోసం పక్కన నాణెం పెట్టబోయి దాన్ని బెదరగొట్టవద్దు. అది వెళ్ళాక కూర్చున్న రాయినో ఆకునో కొలిచి, ఫోటోలో పోల్చుకోండి. చేప పొడవు తోక మొదలు దాకానా, తోక చివర దాకానా అన్నది రాయకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. చేపను లాక్కోవద్దు. దాని కొన్ని రోజుల తిండి అది.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: మాది చేపపిల్లల నర్సరీ చెరువండి. వీటివల్ల నష్టం ఉంటుందా?

పరిమాణం చూస్తే, రెండు మూడు సెంటీమీటర్ల ఫ్రై (చిరు చేపపిల్ల) దశ దీని కొలతలోకి వస్తుంది. కానీ ఇది అంచుకు అతుక్కుని, ఒక్కో చేప మీద గంటలు గడిపే జీవి. లక్షల్లో పిల్లలుండే చెరువులో దీని వాటా లెక్కలోకి రాదు. మీ అసలు శత్రువులు నీటి లోపల ఉన్నాయి: వెల్లకిలా ఈదే నల్లులు, నీటి పెంకుపురుగుల పిల్లదశలు, మిగిలిపోయిన కొర్రమీను. స్పాన్ (గుడ్లలోంచి అప్పుడే వచ్చిన పిల్లలు) వదిలే ముందు హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి చల్లే పద్ధతి మీకు తెలిసిందే. పైకి వచ్చి గాలి పీల్చుకునే పురుగుల ఊపిరిని నూనె పొర ఆపుతుంది. ఇందాక చెప్పిన తలతన్యత లెక్క ప్రకారం ఆ రోజు సాలీడు కూడా నీటి మీద నిలవలేదు. దీనికోసం విడిగా మందు కొట్టాల్సిన పని లేదు. గట్టు అంచున గడ్డి కోసేస్తే చాలు, దానికి పట్టు దొరకదు.

ప్రశ్న: దోమల కోసం వదిలే గంబూసియాను ఇవి తినేస్తే?

గంబూసియా మన చేప కాదు, 1928లో దేశంలోకి తెచ్చారు. ఎక్కడ వదిలినా తామరతంపరగా పెరుగుతుంది, మన చిన్న చేపల్నీ తోకకప్పల్నీ కూడా ఇబ్బంది పెడుతుంది. నోరు పైకి తిరిగి, ఎప్పుడూ పైపొర దగ్గరే తిరిగే చేప కాబట్టి సాలీడుకు అది అందే రకమే. నాలుగు తింటే గంబూసియా సంఖ్యకు వచ్చే లోటేమీ ఉండదు.

ప్రశ్న: ఇంట్లో తామర తొట్టిలో గప్పీలు పెంచుతున్నాను. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

నీటి మట్టం తొట్టి అంచుకు ఐదారు సెంటీమీటర్లు కింద ఉంచండి. అంచుకు రాళ్ళు ఆనించకండి, తామరాకులు గోడను తాకకుండా మధ్యలో ఉండేలా కుండీ జరపండి. నున్నటి నిలువు గోడ మీదికి చేపను లాగడం దానికి కష్టం. మీ తొట్టి చుట్టూ పొలం, చెరువు లేకపోతే ఈ భయమే అక్కర్లేదు. అక్కడ గప్పీలు తగ్గుతున్నాయంటే ముందు తూనీగ పిల్లల కోసం వెతకండి. గప్పీ పిల్లల్ని మింగేది ఎక్కువగా అవే.

ప్రశ్న: మనిషిని కరుస్తుందా?

చేత్తో నలిపితే కరుస్తుంది. తేనెటీగ కుట్టినంత నొప్పి, కొద్దిపాటి వాపు. ఎలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం ఏ కాటునైనా చూపించుకోవాలి. గుడ్ల సంచితో ఉన్నదాన్ని చేతిలోకి తీసుకోకండి. బెదిరితే సంచిని వదిలేయవచ్చు, వదిలేస్తే ఆ గుడ్లు పోయినట్టే.